ఆయన మోకాలు, నా కుంటి నడక

మెట్ల మీద అడుగుల చప్పుడు విని మా చిన్నవాడే అనుకున్నాను. వాడికి అప్పుడు రెండేళ్ళు. ఒక మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, కాసేపు ఆగి, ఆ తర్వాత పై మెట్టు ఎక్కేవాడు. ఫిలింనగర్‌లో మేము అద్దెకున్న వాటా రోడ్డుకి బాగా పైన ఉండేది. కొండరాయిని చెక్కి చేసిన మెట్లు, పట్టుకోవడానికి గోడ కూడా లేదు. గరిటె చేతిలో ఉండగానే గుమ్మంలోకి పరుగెత్తి, "ఒక్కడివే ఎక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా" అన్నాను.

మెట్ల మీద ఉన్నది మా ఆయన. తల వంచుకుని, ఎడమ కాలు పై మెట్టు మీద పెట్టి, కుడి కాలిని దాని పక్కకి లాక్కుంటున్నారు. నా గొంతు విని తలెత్తారు. తలెత్తగానే నవ్వారు. మిగిలిన మెట్లు రోజూలాగే గబగబా ఎక్కి వచ్చి, "ఎవర్ని తిడుతున్నావ్?" అన్నారు. చిన్నవాడు లోపల చాప మీద నిద్రపోతూనే ఉన్నాడు.

కుంటడం చూసి గాభరా పడ్డాను గానీ, భయం వేసింది మాత్రం ఆ నవ్వు చూశాకే. ఎంత కాలంగా ఇలా గుమ్మం కనపడేదాకా కుంటి, గుమ్మం కనపడగానే పరుగెత్తి వస్తున్నారో నాకు తెలియదు. ఒకే గదిలో పడుకుంటూ, కంచం పక్కన కంచం పెట్టుకుని తింటూ, నాకు తెలియలేదు.

మా ఆయన సినిమా డాన్సరు. మద్రాసులో గ్రూపు డాన్సరుగా చేరి, పరిశ్రమ కొంచెం కొంచెంగా హైదరాబాదుకి తరలివస్తున్న రోజుల్లో తన డాన్స్ మాస్టర్ వెంట ఇక్కడికి వచ్చారు. అప్పటికే ఆ మాస్టర్ దగ్గర అసిస్టెంటు. అసిస్టెంటు పని ఏమిటో సినిమా చూసేవాళ్ళకి తెలియదు. మాస్టర్ కుర్చీలో కూర్చుని చేత్తో చూపిస్తాడు. అసిస్టెంటు కాళ్ళతో చూపిస్తాడు. హీరో దాన్ని చూసి నేర్చుకుంటాడు. హీరోకి అర్థమయ్యేదాకా అసిస్టెంటు మళ్ళీ మళ్ళీ చూపిస్తూనే ఉండాలి. ఆ రోజుల్లో ప్రతి పాటలోనూ హీరో మోకాళ్ళ మీద జారుతూ వచ్చి హీరోయిన్ కాళ్ళ దగ్గర ఆగడం ఒక మోజు. హీరో మోకాళ్ళకి పేంటు లోపల దూది పట్టీలు. మా ఆయనకి ఏమీ లేదు. హీరో ఒక్కసారి జారితే హాల్లో ఈలలు. ఆయన పొద్దుటి నుంచీ జారింది ఎవరూ చూడరు.

నొప్పి ఎక్కువైతే స్పాట్‌లోనే సూది వేయిస్తారు. ప్రొడక్షన్ మేనేజరే కాంపౌండర్ని పిలిపిస్తాడు. దాని గురించి మా ఆయన గొప్పగా చెప్పేవారు. "సూది పడిందంటే సాయంత్రం దాకా ఆ మోకాలు నాది కాదు. ఎవడిదో." ఆ ఎవడిదో మోకాలు రాత్రికి మా ఇంటికి వచ్చి వాచేది.

గ్రూపులో చేరినవాళ్ళకి మొదట నేర్పేది అడుగులు కాదట, ముఖమట. చెప్పు తెగినా, కాల్లో మేకు దిగినా, సెట్లో వదిలిన పొగ గొంతులోకి పోయినా, 'కట్' అనేదాకా పళ్ళు కనబడాలి. వెనక వరసలో ఒక్కడి ముఖం ముడుచుకుంటే టేక్ పోతుంది, వాడి పేరు మాస్టర్ చెవిన పడుతుంది. మా ఆయన అదే చదువు మా పెద్దదానికి చెప్పారు. ఏడేళ్ళ పిల్ల. అది పడితే పరుగెత్తి ఎత్తుకునేవారు కాదు. "ఏదీ, నవ్వుతూ లే" అనేవారు. అది పెదవి వణుకుతూనే నవ్వుతూ లేస్తే చప్పట్లు కొట్టేవారు. నేనూ పక్కన నిలబడి ముచ్చటపడేదాన్ని.

పోరగా పోరగా ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చారు. డాక్టరు మోకాలికి ఎక్స్‌రే తీయించి, ఎముకకి ఏమీ కాలేదనీ, మోకాటి చిప్ప కింద ఉండే మెత్తటి పొర అరిగి గరుకెక్కిందనీ చెప్పారు. ఆ తర్వాత టేపు తీసి రెండు తొడలూ కొలిచారు. కుడి తొడ సన్నగా ఉంది. నొప్పి కాలి మీద బరువు వేయకుండా ఎడమ కాలితోనే నెట్టుకొస్తూ ఉంటే ఆ కండరం చిక్కిపోతుందట. కండరం చిక్కితే చిప్ప తన దారిలో నడవక పక్కకి రాసుకుంటుందట. అది రాసుకున్నకొద్దీ నొప్పి, నొప్పి ఉన్నకొద్దీ కాలు వాడకపోవడం.

"ఆపరేషన్ చేసి పొరని నున్నగా గీకవచ్చు" అన్నారు డాక్టరు. "అది ఎప్పుడైనా చేయొచ్చు. చేశాక చేయలేదనుకోవడం కుదరదు. ముందు ఫిజియోథెరపీకి వెళ్ళండి. కొన్ని నెలలు పడుతుంది. మోకాళ్ళ మీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, గెంతడం బంద్."

బయటికి వచ్చాక మా ఆయనకి గుర్తున్నది ఒక్కటే. "నా కాల్లో బలం లేదంటాడేంటి? ఈ కాలితో నేను ఎంతమంది హీరోల్ని ఆడించాను."

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదన్నారు. అది ఆయన ఒక్కరి పిరికితనం కాదు. మా వీధిలో ఒక డాన్సరు నడుం నొప్పిగా ఉందని నోరు జారి అన్నాడు. అందరూ పాపం, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అన్నారు. ఎంతో ఆప్యాయంగా అన్నారు. ఆ తర్వాత డాన్సర్లని షూటింగ్‌కి తీసుకెళ్ళే కంపెనీ వేన్ అతని ఇంటి ముందు ఆగలేదు. బోరబండలో అతను ఇప్పుడు బడిపిల్లల్ని ఆటోలో దింపుతున్నాడు.

అందుకని మేము కొండ దిగి, షేక్‌పేట వైపు ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. అక్కడైతే సినిమావాళ్ళెవరూ రారనుకున్నాం. ఒక పొడుగాటి గది, పచ్చ పరదాలతో మూడు భాగాలు. ఫిజియోథెరపీ చూసే ఆవిడ ఈ ఊరి మనిషి, నాకంటే కొంచెం పెద్దదేమో. మాట కరుకు.

మొదటి వ్యాయామం చూసి మా ఆయన నా వంక చూసి కన్ను గీటారు. వెల్లకిలా పడుకుని, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి పట్టి ఉంచాలి, వదలాలి. అంతే. రెండోది కాలు వంచకుండా పైకెత్తి ఆపడం, చీలమండకి ఇసుక మూట కట్టి. ఆయన కాలు నిలువునా లేపి, పాదం సాగదీసి, చూడముచ్చటగా దించారు.

"గిది స్టేజీ గాదు సార్" అందావిడ. "జర మెల్లగ. నొప్పి లేస్తే చెప్పుండ్రి."

ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నవ్వుతూ చేశారు. ఆవిడ వారం వారం ఇసుక మూట బరువు పెంచింది. ఒక సాయంత్రం మోకాలు కొబ్బరి బోండాంలా వాచింది. మర్నాడు ఆవిడ దాన్ని వేలితో నొక్కి చూసి, ఆయన ముఖం చూసి, మళ్ళీ మోకాలు చూసింది.

"నొస్తున్నదా ఇప్పుడు?"

"కొంచెమండీ" అన్నారు, నవ్వుతూ.

"కొంచమా? మీరు గట్ల నవ్వుకుంట పండుకుంటే నాకెట్ల తెలుస్తది? నేను బరువు పెంచుకుంట పోయిన. నొప్పే నాకు దారి సార్. దాన్ని మీరు దాస్తే నేను గుడ్డిదాన్ని." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "మేడమ్, ఇంట్ల మీరు కూసొని చేయించుండ్రి. ఈయన ముఖం జూడకుండ్రి. ముఖంతోని మనకు పని లేదు. ఇంకేడనన్న నొప్పి కనబడ్తదేమో జూడుండ్రి."

చూశాను. ఆయన నొప్పి ఎడమ కాలి వేళ్ళలో ఉండేది. పళ్ళు నవ్వుతూ ఉంటే, బాగున్న కాలి వేళ్ళు లోపలికి ముడుచుకునేవి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా భర్తకి ఎప్పుడు నొప్పి పుడుతుందో కనిపెట్టడం నేర్చుకున్నాను. అది కూడా కాళ్ళ దగ్గర కూర్చుని.

కొంతకాలానికి వాపు తీసింది. మెట్లు ఎక్కేటప్పుడు ఫర్వాలేదన్నారు. అప్పుడే ఆ రోజు వచ్చింది.

మేము పరదా తొలగించి లోపలికి వెళ్ళబోతుంటే పక్క భాగంలోంచి, "ఏరా, నువ్వేంటి ఇక్కడ?" అని వినబడింది. మాస్టర్. బల్ల మీద పడుకుని ఉన్నారు. పేంటు తొడల దాకా మడిచి ఉంది. రెండు మోకాళ్ళకీ కాపడం మైనం తెల్లగా పూసి ఉంది.

మా ఆయన ఒక్క రెప్పపాటు కూడా ఆలోచించలేదు. "మా ఆవిడకి మోకాలు నొప్పండి మాస్టర్. తీసుకొచ్చాను."

"అయ్యో. ఇంత చిన్న వయసులోనా? పిల్లల్ని చంకనేసుకుని ఆ కొండలెక్కుతుంటే మరేమవుతుందమ్మా." తర్వాత తన మోకాళ్ళ వంక చూసుకుని, "నాదేం లేదురా. చలికి ఊరికే కాస్త కాపడం" అన్నారు. అది ఎండాకాలం.

ఫిజియోథెరపీ ఆవిడ మా ముగ్గుర్నీ ఒకసారి చూసింది. నన్ను పక్క బల్ల ఎక్కమని, నా కుడి చీలమండకి ఇసుక మూట కట్టింది. నేను కాలు లేపాను. పరదా అవతల మాస్టర్, మా ఆయన కొత్త పాట గురించి మాట్లాడుకుంటున్నారు. నా తొడ వణికింది. ఆవిడ వంగి నా చెవిలో, "గిదే నేను ఆయన దగ్గర జూడాలనుకున్న వణుకు" అంది. "నువ్వన్న సరిగ చేసినవ్."

వెళ్ళేటప్పుడు నేను కుంటుతూ వెళ్ళాను. ఆయన నా భుజం పట్టుకుని నడిపించారు, ఎంతో ప్రేమగా.

ఆ తర్వాత ఆ అబద్ధం మా ఇంటికి కూడా వచ్చింది. మాస్టర్ ఇంట్లో చెప్పారు, వాళ్ళావిడ డాన్సర్ల భార్యలకి చెప్పింది, అది మా వీధికి చేరింది. నీళ్ళ టాంకర్ దగ్గర బిందెతో నిలబడితే, "నువ్వు జరుగమ్మా, కాలు బాగోలేదుగా" అని నా బిందె వాళ్ళు నింపేవాళ్ళు. పిల్లలతో, ఎవరైనా అడిగితే అమ్మకి మోకాలు నొప్పి అని చెప్పమన్నారు ఆయన. చిన్నవాడికి అది ఆటయింది. నా వెనకాలే కుంటుతూ తిరిగేవాడు.

పై వాటాలో ఉండే ఇంటావిడ నన్ను పట్టుకుంది. "ఏంది బిడ్డా, కుంటుతున్నవ్? ఆముదం రాసి జిల్లేడాకు కాపి కడితే తెల్లారేసరికి గుంజుడంత పోతది. కూసో." అరుగు మీద కూర్చున్నాను. కుడి పక్క గోడ ఉంది. ఆవిడ ఎడమ వైపు కూర్చుని, చేతికందిన ఎడమ మోకాలికి ఆముదం రాసి వెచ్చటి ఆకు కట్టేసింది. నేను కాదనలేదు. ఏమీ లేని మోకాలికి ఏది రాస్తే ఏం? ఆకు కట్టిన కాలు కుంటడమే సులువని అప్పట్నుంచి అటే కుంటుతూ వచ్చాను.

మాస్టర్ వచ్చే వేళలు తెలియవు గనుక మా ఆయన ఆ బల్ల ఎక్కడం మానేశారు. నర్సింగ్ హోమ్‌లో నేను చేసి, ఇంటికొచ్చి ఆయనతో చేయించేదాన్ని. మాస్టర్ ఒకటి రెండుసార్లు అక్కడ నాకు ఎదురుపడ్డారు కూడా. ఒక లాభం లేకపోలేదు. సరిగ్గా చేస్తే తొడలో ఎక్కడ మంట పుట్టాలో నాకు తెలిసింది. అందుకే ఆయన మోసం కూడా తెలిసింది. తుంటితో నెట్టి కాలు లేపేవారు. చూసేవాళ్ళకి కాలు లేస్తుంది. కండరం హాయిగా నిద్రపోతుంది. కెమెరా ముందు ఇన్నేళ్ళూ ఆ కాలిని అలాగే దాచారు కదా.

"తుంటి కదులుతోంది" అనేదాన్ని.

"నువ్వు నాకు కాళ్ళు నేర్పుతున్నావా?"

"మళ్ళీ చేయండి."

చేసేవారు. తిట్టుకుంటూ చేసేవారు. తిడుతున్నప్పుడు సరిగ్గా చేసేవారు. నా కుడి కాలు ఇప్పటికీ ఎడమ కాలికంటే గట్టిది.

అలా కొన్ని వారాలు గడిచాక, ఒక సాయంత్రం ఆయన రెండు చేతుల్లో మిఠాయి పొట్లాలతో వచ్చారు. మాస్టర్ ఒక పాట ఆయనకే ఇచ్చేశారు. సొంతంగా. టైటిల్స్‌లో పేరు. మద్రాసు వెళ్ళిన నాటి నుంచి ఆయన ఎదురుచూసింది దాని కోసమే. "హీరో రాత్రి వేళ అద్దాల నేల మీద మోకాళ్ళతో జారుతూ రావాలి. హీరోకి రిహార్సల్‌కి టైము లేదు. లాంగ్ షాట్‌లో హీరో చొక్కా వేసుకుని నేనే జారాలి. వచ్చే సోమవారం."

"మరి మోకాలు?"

"నీకు కదా నొప్పి" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఫిజియోథెరపీ ఆవిడని అడిగాను. "ఇప్పుడిప్పుడే కండ పట్టుకుంటున్నది. ఇంక రెండు నెలలు మోకాలు నేలకు ఆనొద్దు. సూది గుచ్చి జారితే నొప్పి తెల్వది, లోపల పొర చిరిగినా తెల్వది. తర్వాత నా దగ్గరికి గాదు, ఆపరేషన్‌కు పోండ్రి" అంది.

ఆ మాట ఆయనకి అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. "ఒక్క పాట" అన్నారు. "ఆ తర్వాత నువ్వు చెప్పినన్నాళ్ళు ఆ తువ్వాలు నొక్కుతూ పడుంటాను."

"మాస్టర్‌కి నిజం చెప్పండి. పాట మీరు చెయ్యండి, జారడానికి ఇంకెవర్నయినా పెట్టుకోండి."

"ఏమని చెప్పను? మా ఆవిడ బల్లెక్కి పడుకున్నది నాటకమని చెప్పనా? ఆయన ముందు అబద్ధమాడినవాడికి పాట ఇస్తారా?"

నేను చదువుకున్నదాన్ని. డిగ్రీ కాయితం ట్రంకుపెట్టెలో ఉంది. ఆయనకి జవాబు చెప్పడానికి అందులో ఏమీ దొరకలేదు.

ఆదివారం సాయంత్రం ఆయన రిహార్సల్‌కి వెళ్ళారు. మా ఇంటి వెనక కొత్త బంగళా పునాదికి బండలు పేల్చారు, ఆ రాళ్ళ గుట్ట మీద పిల్లలు ఆడుకుంటున్నారు. పెద్దది లోపలికి వచ్చింది. గౌను అంచు తడిసి ఉంది. నీళ్ళనుకున్నాను. మోకాలు చీరుకుపోయి, రక్తం పాదం దాకా కారి, చెప్పులో చేరింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నవ్వుతోంది.

"ఏడవలేదమ్మా" అంది. "నవ్వుతూనే లేచాను. నాన్నకి చెప్తావా?"

గాయం కడుగుతుంటే కూడా ఆ పిల్ల పళ్ళు కనబడుతూనే ఉన్నాయి. నేను దాని కాలి వేళ్ళ వైపు చూశాను. ముడుచుకుని ఉన్నాయి.

పసుపు అద్ది కట్టు కట్టి, పిల్లలిద్దర్నీ తీసుకుని పైకి వెళ్ళాను. ఫోను ఇంటావిడ హాల్లో ఉండేది. ఆవిడ నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మాస్టర్ ఇంటికి ఫోను చేశాను. ఆయనే ఎత్తారు.

"మాస్టర్, రేపు మా ఆయన జారలేరండి. మోకాలు నొప్పి నాకు కాదు. ఆయనకి."

అటునుంచి వక్కలు నములుతున్న చప్పుడు వచ్చింది.

"తెలుసమ్మా."

"ఏం తెలుసండీ?"

"మొదట కుడి కాలు కుంటావు. తర్వాత ఎడమ కాలు కుంటావు. కాళ్ళు చూసి బతికేవాణ్ణమ్మా నేను. వెనక వరసలో ఎవడి మడమ ఆలస్యంగా లేచిందో కుర్చీలోంచి చెబుతాను. నా ఎదురుగా నువ్వు కాలు మారిస్తే కనబడదా?"

పిల్లలు నా కొంగు పట్టుకుని నిలబడి ఉన్నారు. "తెలిసి కూడా ఆయన్ని మోకాళ్ళ మీద పడమన్నారాండీ?"

"వాడు చెప్పలేదుగా. చెబితే మాన్పించేవాణ్ణి. చెప్పనివాణ్ణి నేనెందుకడగాలి? ఒక్క రోజు పని, సూది ఉండనే ఉంది. నన్ను మాత్రం ఎవరడిగారమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. "సరేలే. రెండో అసిస్టెంటుతో చేయిస్తాను. వాడికింకా పెళ్ళి కాలేదు, గొడవ లేదు."

"పాట ఆయనకే ఉంచి, జారడం మాత్రం అతనితో..."

"అలా కుదరదమ్మా. ఎవడు జారితే వాడిదే పాట." పెట్టేయబోతూ మళ్ళీ అన్నారు. "ఒక్క మాట. నేనక్కడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పకు. నాకింకా రెండు సినిమాలున్నాయి."

ఫోను పెట్టేశాను. ఇంటావిడ చేట పక్కన పెట్టి నన్నే చూస్తోంది.

"అంటే నీ కాలుకు ఏం గాలేదా?"

"లేదు పిన్నిగారూ."

"మరి గిన్ని దినాలు నా ఆముదం?" అంది. "ఉత్తగనే రాస్తుంటినా నేను" అని మళ్ళీ చేట అందుకుంది. ఆ తర్వాత చాలాకాలం ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడకి కోపం రావడం న్యాయమే.

ఆ పాట రెండో అసిస్టెంటు చేశాడు. అది బాగా ఆడింది. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా కింద వీధిలో ఎవరి టేపురికార్డర్లోనో వస్తోంది. పిల్లలు నిద్రలో కదులుతున్నారు. ఆ మోకాళ్ళ మీద జారడాన్ని రహమత్ నగర్ కుర్రాళ్ళు సైకిల్ షాపుల ముందు చేసి చూపిస్తున్నారట. మా ఆయన మోకాలు బాగైంది. ఆపరేషన్ లేకుండానే బాగైంది. తువ్వాలు నొక్కి, ఇసుక మూట లేపి, ఆ తర్వాత నెలల తరబడి ఒకే మెట్టు ఎక్కీ దిగీ బాగైంది. ఆ నెలలన్నీ ఆయనకి ఖాళీయే కదా, ఒక్క రోజు కూడా మానలేదు. డాక్టరు మళ్ళీ టేపు పెట్టి రెండు తొడలూ సమానంగా ఉన్నాయన్నారు. ఇప్పుడాయన జూబ్లీహిల్స్‌లో ఒక బడిలో వార్షికోత్సవాలకి పిల్లల చేత ఆడిస్తున్నారు. ఎవరినీ మోకాళ్ళ మీద జారనివ్వరు. ఆ పాట వస్తే లేచి కిటికీ మూస్తారు. నాతో మాట్లాడతారు. బియ్యం, ఉప్పు, ఫీజు, అన్నీ మాట్లాడతారు.

ఆ ఆదివారం రాత్రి ఆయన వచ్చేటప్పటి చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఒక మెట్టు మీద రెండు పాదాలు. ఆగడం. మళ్ళీ రెండు పాదాలు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. నన్ను చూశారు. అయినా అలాగే, ఒక్కొక్క మెట్టే లాక్కుంటూ వచ్చారు. ఇంక దాచడానికి ఏముంది. ముఖంలో నవ్వు లేదు. నాకు తెలిసినంతలో ఆ ముఖాన్ని అలా చూడడం అదే మొదలు. కింద దవడ వేలాడి, ఎవరో పెద్దాయనలా ఉన్నారు.

"సంతోషమేనా?" అన్నారు.

"మోకాలికి అన్నం తినకముందే కాపడం పెట్టాలి" అన్నాను.

"మాస్టర్ తన నోటితో చెప్పలేదు. రెండోవాడు వచ్చి చెప్పాడు. అందరి ముందూ. 'వదిన ఫోను చేసిందటగా అన్నా' అని." చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. వెళుతూ పెద్దదాని కట్టు చూసి ఆగారు. అది నిద్రలో ఉంది. ఏమైందని అడగలేదు. దుప్పటి దాని కాలి మీదికి లాగి వెళ్ళిపోయారు.

మర్నాడు సోమవారం. కంపెనీ వేన్ మా సందు మొదట్లో ఆగకుండా పోయిన చప్పుడు పిల్లలు కూడా విన్నారు. ఆయన లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు, నిద్రపోవడం లేదు. చిన్నవాడు వంటింట్లో నా వెనక కుంటుతూ తిరుగుతున్నాడు. పెద్దది కాలు చాపుకుని కూర్చుని ఉప్మా తింటోంది.

"నాన్న పాటకి వెళ్ళరా?" అంది.

గిన్నె దించి వాళ్ళిద్దరి ముందూ కూర్చున్నాను. లోపలికి వినబడాలనే కొంచెం గట్టిగా చెప్పాను.

"వెళ్ళరు. నాన్నకి మోకాలు నొప్పి. నాన్నకే. అమ్మకి ఏమీ లేదు, అమ్మ ఇంక కుంటదు. ఎవరడిగినా ఇదే చెప్పండి."

"మాస్టర్ తాతయ్య అడిగినా?"

"ఆయన అడగరు."

చిన్నవాడు కుంటడం ఆపి నా ఒళ్ళో కూర్చున్నాడు. పెద్దది తన కట్టు వంక చూసుకుంది. అప్పుడే మళ్ళీ నవ్వబోయింది.

"నీకు నొప్పి పుడుతోందా?" అన్నాను.

తల ఊపింది.

"అయితే ఏడు. నాన్న చూస్తున్నా సరే, ఎవరు చూస్తున్నా సరే, ముందు ఏడు. తర్వాత లేద్దువుగాని."